రోస్టర్‌ని పాత ఇనుముకి వేసెయ్యమంటున్నారు

విజయవాడ భవానీపురం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవీ.

ఆవిడకి 42 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఇంట్లో భర్త, ఇంటర్ చదివే కొడుకు, మోకాళ్ల నొప్పులతో లేవలేని అత్తగారు. అరకు కాఫీ గింజలు తెప్పించుకుని బాణలిలో వేయించి, పొడి కొట్టి ఫిల్టర్ వేసుకోవడం చాలా ఏళ్ల అలవాటు. తోటి టీచర్లు తాగి చూసి ‘మాకూ ఇవ్వండి, డబ్బులిస్తాం’ అన్నారు. దాంతో మూతపడిన ఒక కాఫీ షాపువాళ్ల దగ్గర వాయికి కిలో పట్టే గ్యాస్ రోస్టర్, అంటే గింజలు వేయించే మెషీన్, 60 వేలకి కొన్నారు. అందుకోసం రెండు గాజులు కుదువ పెట్టిన సంగతి భర్తకి తర్వాత తెలిసింది.

మెషీన్ తైవాన్‌ది. వెనక రేకు మీద 110 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది, అమ్మినవాళ్లు ఒక ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇచ్చారు. యుటిలిటీ బాల్కనీలో పెట్టి ఇంటి సిలిండరే తగిలించారు. మంట నీలంగా కాకుండా పసుపుగా, పొడుగ్గా లేచి డ్రమ్ము అడుగంతా మసి పట్టింది. ఒకసారి మంట ఆరిపోయాక కూడా గ్యాస్ వాసన వస్తూనే ఉంది. మళ్లీ వెలిగించబోతే భగ్గుమని మంట ముందుకొచ్చి ముంజేతి మీద వెంట్రుకలు కాలాయి. ఆ రోజు నుంచి భర్త పాత ఇనుముకి వేసెయ్యమంటున్నారు. మరిది మాత్రం ‘హోటళ్లలో పెట్టే హై ప్రెషర్ రెగ్యులేటర్ పెడితే మంట అదే సర్దుకుంటుంది వదినా’ అంటున్నాడు. ఉత్తరం చివర్లో ఇంకో వాక్యం ఉంది: ‘బర్నర్ పక్కన సన్నటి రాగి తీగ ఒకటి చుట్టచుట్టి కట్టేసి ఉంది, అది వాడట్లేదని చెప్పారు.’

బాగుచేసుకోవచ్చా, ఎవరి చేత చేయించాలి, ఈ విషయంలో భర్త మాట వినాలా అని అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోండి. ముందు రెగ్యులేటర్ ఊడదీసి, సిలిండర్‌కి మూత పెట్టి, వంటింట్లోకి తెచ్చేయండి. రోస్టర్‌లోకి గ్యాస్ వెళ్లే మూతికి ఇత్తడి డమ్మీ మూత బిగించండి. ఎంత బాగుచేయించినా ఆ బాల్కనీలో మాత్రం మళ్లీ వెలిగించొద్దు. ఎందుకో చెబుతాను.

మీకు భగ్గుమన్న మంట పెద్ద సంగతిగా కనిపించింది. నాకు ఆ కట్టేసిన రాగి తీగ పెద్ద సంగతి. దాన్ని థర్మోకపుల్ అంటారు. దాని కొన మంటలో ఉండాలి. ఆ వేడికి అది 20 నుంచి 30 మిల్లీవోల్టులు పుట్టిస్తుంది. గ్యాస్ వాల్వులో ఉన్న చిన్న అయస్కాంతం ఆ కాస్త కరెంటుతోనే స్ప్రింగుని పట్టి ఉంచుతుంది, గ్యాస్ వెళ్తుంది. మంట ఆరితే కొన చల్లారుతుంది, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు వెళ్లి దారి మూసేస్తుంది. ఇప్పుడు మీ మెషీన్ సంగతి చూడండి. తీగ పక్కకి కట్టేసి ఉంది కాబట్టి అసలు గ్యాసే రాకూడదు. అయినా వస్తోందంటే ఎవరో వాల్వు విప్పి లోపలి అయస్కాంతం ముక్క తీసేశారు, లేదా వాల్వుని వదిలేసి నేరుగా పైపు కలిపేశారు. థర్మోకపుల్ కాలిపోతే కొత్తది వేయడం చిన్న పనే. ఆ చిన్న పనికి బద్ధకించి ఇలా చేస్తారు. షాపులో రోజంతా ఎదురుగా మనిషి నిలబడి ఉంటాడు కనక గడిచిపోయి ఉంటుంది.

ఎల్‌పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. మంట ఆరాక వచ్చిన గ్యాస్ పైకి పోదు, రోస్టర్ అడుగున చేరి అక్కణ్నుంచి నేల మీదికి జారుతుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిసినా నిప్పు తగిలితే అంటుకుంటుంది. మీకు జరిగింది అదే. బాల్కనీ పైన గ్రిల్లు ఉంటే గాలి ఆడుతుందనుకుంటాం. కానీ మూడడుగుల పిట్టగోడ తొట్టిలాగా గ్యాస్‌ని పట్టి ఉంచుతుంది. అదే నేల మీద వాషింగ్ మెషీన్ మోటారుంటుంది, ఆ పక్కనే మీ అత్తగారి గది తలుపు. మీవారి మాట మీకు మొండిగా వినిపించి ఉండొచ్చు గానీ, అందులో లెక్క ఉంది.

మరిది చెప్పిన సలహా మాత్రం ఎంత మాత్రం వద్దు. ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేది దాదాపు 30 మిల్లీబార్లు. హోటల్ భట్టీలకి పెట్టే హై ప్రెషర్‌ది ఒక బారు, అంటే వెయ్యి మిల్లీబార్ల దాకా, కొన్ని అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. అంటే ముప్పై రెట్ల పైమాట. మీ రోస్టర్ మీది గుండ్రటి గేజి, వాల్వుల్లోని రబ్బరు పొరలు తక్కువ ప్రెషర్‌కి చేసినవి. గేజి ముల్లు విరగడంతో ఊరుకుంటే అదృష్టమే. పొర చినిగితే మంట బర్నర్ దగ్గర కాదు, నాబ్ దగ్గర కనిపిస్తుంది.

పసుపు మంటకి కారణం ప్రెషర్ తక్కువ కావడం కాదు, గ్యాస్‌కి తగినంత గాలి కలవకపోవడం. మీ మెషీన్లో దీనికి రెండు అవకాశాలున్నాయి. మొదటిది జెట్. తైవాన్‌లో రోస్టర్లు పైపు గ్యాస్‌కీ, సిలిండర్ గ్యాస్‌కీ కూడా వస్తాయి. పైపు గ్యాస్ జెట్ రంధ్రం పెద్దది. అదే రంధ్రంలోంచి మన ఎల్‌పీజీ పంపితే మంట దాదాపు రెట్టింపు అవుతుంది, గాలి చాలదు, మసి కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. జెట్ విప్పి భూతద్దంతో చూడండి. చాలావాటి మీద మిల్లీమీటరులో నూరోవంతుల లెక్కన అంకె కొట్టి ఉంటుంది, 120 అంటే 1.20 మి.మీ. సిలిండర్ గ్యాస్‌కి కావలసిన రంధ్రం పైపు గ్యాస్ జెట్‌లో సుమారు 70 శాతం వ్యాసం ఉంటుంది. పాతదాన్ని టంకంతో పూడ్చి మళ్లీ సన్నగా రంధ్రం వేస్తామనేవాళ్లుంటారు, ఒప్పుకోకండి. వేడికి టంకం జారిపోతుంది. ఇత్తడి జెట్ కొత్తదే వేయించాలి. రెండో అవకాశం చాలా మామూలుది. జెట్‌కీ బర్నర్‌కీ మధ్య గాలి పీల్చే గొట్టంలో సాలీడు గూడు కట్టడమో, కందిరీగ మట్టి పెట్టడమో జరుగుతుంది. నెలల తరబడి గోడౌన్‌లో పడి ఉన్న మెషీన్లకి ఇది తప్పదన్నట్టే ఉంటుంది. సన్నటి సీసా బ్రష్‌తో తోమితే పోతుంది. బర్నర్ రంధ్రాల్లో మాత్రం గుండుసూదితో పొడవకండి, అవి పెద్దవైతే మళ్లీ ఇదే గోల.

ఇక బాగుచేసుకునే సంగతి. ఈ మెషీన్లో తిరిగే భాగమంతా మీరూ మీ అబ్బాయీ కలిసి విప్పుకోవచ్చు. విప్పేముందు ప్రతి ముక్కకీ ఫొటో తీసుకోండి. తలుపు చుట్టూ తెల్లటి తాడులాంటి సీలు ఉంటే, అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకడం, ఊదడం వద్దు. నీళ్లతో తడిపి, మాస్కు కట్టుకుని తీసి, కవర్లో మూట కట్టేయండి. దాని బదులు గ్లాసు ఫైబర్ తాడు దొరుకుతుంది. బ్లోయర్ రెక్కలకీ పొగగొట్టం లోపలా తారులా పేరుకున్న కాఫీ జిడ్డుకి వేడినీళ్లలో చాకలిసోడా చాలు, అల్యూమినియం రెక్కల్ని మాత్రం అందులో ఎక్కువసేపు నానబెట్టకండి. కాస్టిక్ సోడా అయితే వాటిని తినేస్తుంది. డ్రమ్ము లోపల తుప్పుని స్టీలు పీచుతో తీయండి. లోపల ఏ రంగూ వేయకూడదు, వేడికి ఓర్చుకునేదని షాపువాడు చెప్పినా సరే. బర్నర్ దగ్గర జింకు పూత ఉన్న బోల్టులు వాడొద్దు, స్టెయిన్‌లెస్‌వి వేయండి. కిరసనాయిలుతో, థిన్నర్‌తో తుడిచి ఆరకుండా వెలిగిస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

డ్రమ్ము బేరింగులకి, షాఫ్టు అరుగుదలకి ఆటోనగర్‌లో ఏ మంచి లేత్ వర్క్స్ అయినా సరిపోతుంది. వాళ్లకి చెప్పాల్సినవి రెండే. మామూలు గ్రీజు 180, 190 డిగ్రీల దగ్గర కరిగి కారుతుంది, అది గింజల్లోకే వస్తుంది. కాబట్టి ఎక్కువ వేడికి తట్టుకునే ఆహార తయారీ గ్రీజే కావాలి. రెండోది, ముందు పలకకీ డ్రమ్ముకీ మధ్య సందు. డ్రమ్ము 30 సెంటీమీటర్ల పొడవుంటే, 200 డిగ్రీలు వేడెక్కేసరికి దాదాపు 0.7 మి.మీ. సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు అరమిల్లీమీటరు సందు పెట్టి చక్కగా తిరుగుతోందని మురిసిపోతే, వేడెక్కాక కీచుమంటూ పలకని రాసుకుంటుంది. ఒక మిల్లీమీటరు దాటించి పెట్టమనండి. ఒకటిన్నర దాటితే విరిగిన గింజలు అందులో ఇరుక్కుని మాడతాయి. కొలవడానికి ఫీలర్ గేజి బండి మెకానిక్ దగ్గర ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మిమ్మల్ని మోసం చేస్తోంది. అది వోల్టులు తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కని, మార్చలేదు. 60 హెర్ట్జ్ మోటారు మన 50లో ఆరింట ఐదొంతుల వేగంతోనే తిరుగుతుంది, పైగా వేడెక్కుతుంది. డ్రమ్ము నెమ్మదిస్తే గింజలు ఒక పక్క మాడతాయి. బ్లోయర్ నెమ్మదించడం అంతకన్నా చేటు, గింజల పొట్టు లాగేయాల్సిన గాలి బలహీనపడి పొట్టు లోపలే పోగవుతుంది. రోస్టర్లు తగలబడేది ఎక్కువగా ఆ పొట్టుతోనే. రెండు మోటార్లూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌వి వేయించి ట్రాన్స్‌ఫార్మర్‌ని వదిలించుకోండి. డ్రమ్ము మీద సుద్దముక్కతో గీత గీసి నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టండి, ఈ సైజుకి సాధారణంగా 50 నుంచి 70 మధ్య ఉండాలి.

ఇంకోటి, కరెంటు పోతే? డ్రమ్ము ఆగుతుంది, బ్లోయర్ ఆగుతుంది, మంట మాత్రం ఆగకుండా మండుతూ ఉంటుంది. అందుకని గ్యాస్ లైన్లో కరెంటు లేనప్పుడు మూసుకునే సోలెనాయిడ్ వాల్వు ఒకటి వేయించాలి. దాన్ని నేరుగా స్విచ్చికి కలపకూడదు. బోరు మోటారు స్టార్టర్ ఉంటుంది చూశారూ, కరెంటు పోయి వచ్చినా మళ్లీ పచ్చ బటన్ నొక్కితేగానీ ఎక్కదు. అలాంటి చిన్న కాంటాక్టర్ గుండా కలపాలి. లేకపోతే పది సెకన్లు కరెంటు పోయి వచ్చినప్పుడు థర్మోకపుల్ ఇంకా వేడిగానే ఉంటుంది, వాల్వు తెరుచుకుంటుంది, మంట లేకుండా గ్యాస్ వచ్చేస్తుంది.

గ్యాస్ లైను మాత్రం మీరు ముట్టుకోకండి. ఇంటి పొయ్యిలు శుభ్రం చేసే కుర్రాళ్ల పని కూడా కాదు. హోటళ్లకీ క్యాంటీన్లకీ పైపులైన్లు వేసే ఫిట్టర్ కావాలి. పిలిచినప్పుడు మొదట ఆ రాగి తీగ చూపించండి. ‘అది లేకపోయినా నడుస్తుందండీ’ అన్నాడంటే టీ ఇచ్చి పంపించేయండి. నీళ్ల పైపులకి చుట్టే పల్చటి తెల్ల టేపు కాకుండా గ్యాస్‌కి వాడే మందపాటి పసుపు టేపు చుట్టాలి, అదీ పైపు మరచుట్ల మీదే. కోన్‌లాగా కూర్చునే ఫ్లేర్ కీళ్ల మీద టేపు చుడితే అవి అతుక్కోకుండా లీకవుతాయి. ఎం-సీల్ పూసి ముగించే పనైతే అసలే వద్దు.

అతను పని ముగించాక ఒక పరీక్ష చేయించండి, మీవారు కూడా పక్కన ఉంటే మంచిది. మేస్త్రీలు వాడే లెవల్ పైపు, అదే నీళ్లు పోసి సమానం చూసే పారదర్శకమైన గొట్టం, రెండు మీటర్లు తెచ్చి ‘యు’ ఆకారంలో ఒక చెక్కకి కట్టి సగం దాకా నీళ్లు పోయండి. ఒక కొసని రోస్టర్ గ్యాస్ మూతికి మూడు మూతుల టీ ముక్కతో కలపండి. బర్నర్ వాల్వు మూసి, ఆ టీ ముక్కలో మిగిలిన మూతికి పెట్టిన గొట్టంలో నోటితో ఊది మడిచి బిగించండి. నీళ్లు రెండు పక్కలా 30 సెంటీమీటర్ల తేడాతో నిలబడితే అదే 30 మిల్లీబార్లు. పెన్నుతో గీత పెట్టి పది నిమిషాలు చూడండి. గీత దగ్గరే ఉండాలి. అర సెంటీమీటరు దిగినా లీకు ఉన్నట్టే, అప్పుడు సబ్బు నురగతో ఒక్కో కీలూ వెతకాలి. దీనికి గ్యాస్ అక్కర్లేదు, భయమూ లేదు. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టొద్దు, గేజి పోతుంది.

తర్వాతది మంట పరీక్ష, ఆరుబయట. వెలిగించి రెండు నిమిషాలు మండనిచ్చి సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేయండి. మంట ఆరాక గడియారం చూస్తూ చెవి పెట్టండి. ఒక నిమిషం లోపల వాల్వులోంచి ‘టక్’మని వినపడాలి. స్ప్రింగు మూసుకున్న చప్పుడు అది. ఆ తర్వాత సిలిండర్ తెరిచి, బర్నర్ నాబ్ నొక్కకుండా తిప్పి, జెట్ మూతి మీద సబ్బు నురగ పెడితే ఒక్క బుడగ కూడా లేవకూడదు. టక్ మనకపోతే ఆ రోజుకి పని అయిపోయినట్టే, వాల్వు మార్చాల్సిందే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పూర్తిగా బాగుచేయించి డాబా మీద పెట్టుకోవడం ఒకటి. ఎండా వానా తగలని రేకుల నీడ, నాలుగు వైపులా తెరుపు, అసోసియేషన్ వాళ్ల రాతపూర్వక ఒప్పుదల కావాలి. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, మన మే నెల ఎండలో పెట్టకూడదు. వాన నీళ్లు దిగే గొట్టం మూతికి దూరంగా ఉంచండి, కారిన గ్యాస్ ఆ గొట్టంలోంచి దిగి కింద పార్కింగ్‌లో తేలుతుంది. సెల్లార్‌లో పెట్టుకోమని ఎవరన్నా అన్నా వినకండి. ఈ దారిలో డబ్బు, రెండు మూడు నెలల కాలం, డాబా ఇరుగుపొరుగుతో పంచుకోవడం, మూడూ ఖర్చవుతాయి.

అమ్మకం మాటకొస్తే ఇంకో చిక్కు. టీచర్లకి డబ్బు తీసుకుని పొడి ఇచ్చిన రోజు నుంచి అది వ్యాపారమే. ఇంటి ఎర్ర సిలిండర్ వ్యాపారానికి వాడటం 2000 నాటి ఎల్‌పీజీ ఉత్తర్వు ప్రకారం నేరం. 19 కిలోల నీలం సిలిండర్ కావాలి. దాని రెగ్యులేటర్ కూడా వేరు కాబట్టి ప్రెషర్ 30 మిల్లీబార్లకి తగ్గించే ఏర్పాటు ఫిట్టరే చేయాలి. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. కిలో పచ్చి గింజలు వేయిస్తే చేతికొచ్చేది 850 గ్రాములు, కాస్త అటూ ఇటూ. గాజులు విడిపించేది ఈ లెక్కతో అనుకుంటే, వడ్డీ ముందు పరిగెడుతుంది. గాజుల్ని జీతంలోంచి విడిపించే ఏర్పాటు చేసుకుని రోస్టర్‌ని దాని మానాన దాన్ని నడవనివ్వండి.

గ్యాస్ తీసేసి కరెంటు హీటర్లు పెట్టించుకుందామని మీకు అనిపించొచ్చు. కిలో వాయికి 4 కిలోవాట్ల హీటర్లు పెడితే 17 ఆంపియర్ల పైమాట, గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్ చాలదు. వేరే లైను లాగించాలి, లేదా వాయికి అరకిలోతో సరిపెట్టుకోవాలి. అరకిలో చాలనుకుంటే ఇది చెడ్డ దారేం కాదు, మీవారు ఒప్పుకునే అవకాశం కూడా దీనికే ఎక్కువ. కరెంటు పోయినప్పుడు డ్రమ్ముతో పాటు వేడి కూడా ఆగిపోతుంది.

అమ్మేయాలనుకుంటే పాత ఇనుముకి వేయకండి, డ్రమ్ము, కూలింగ్ పళ్లెం, బ్లోయర్‌కి విడిగా విలువుంది. గ్యాస్ భాగం ఊడదీసి, వాల్వు సంగతి కొనేవాళ్లకి కాగితం మీద రాసి ఇవ్వండి. మీకు ఎవరూ చెప్పలేదు, మీరైనా చెప్పాలి. ఏదీ తేల్చుకోలేకపోతే డ్రమ్ముకి పల్చగా వంటనూనె రాసి, గోనెసంచి కప్పి ఏడాది ఉంచినా మునిగిపోయేదేం లేదు. ఈలోగా బాణలి ఉండనే ఉంది.

మొదటి దారి పడితే, రెండు పరీక్షలూ నెగ్గాక కూడా తొలి మూడు వాయిలు తాగడానికి కాదు. చవక రోబస్టా రకం గింజలు అరకిలో చొప్పున నల్లగా మాడ్చి పారబోయండి. పాత గ్రీజు, తోమిన సోడా, కొత్త తాడు వాసన వాటితో పోతాయి. పొట్టు డబ్బా ప్రతి వాయికీ ఖాళీ చేయాలి, పొగగొట్టం నెలకోసారి విప్పాలి. లోపల ఎప్పుడైనా నిప్పు కనిపిస్తే గ్యాస్ కట్టేయండి, బ్లోయర్ ఆపేయండి, డ్రమ్ముని మాత్రం తిరగనివ్వండి, తలుపు తెరిచి గింజలు బయటికి వదలకండి. గాలి తగిలితే అవి పళ్లెం మీద భగ్గుమంటాయి. గ్యాస్ వాసన ఆగకపోతే సిలిండర్ కట్టి, స్విచ్చులు ముట్టుకోకుండా దూరంగా వెళ్లి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. ఆ నంబరు రోస్టర్ మీద కాదు, డాబా మెట్ల తలుపు లోపలి వైపు రాసి పెట్టండి.